మూసి పెట్టగలిగే బాధ

"గుండెల ఉన్నది చాలదా, పుస్తకంల గూడ అదే సదవాల్నా? పుండు మీద కారం సల్లుకునుడే గదా!"

మానసిక గాయాల గురించిన పుస్తకం నా చేతిలో కనబడినప్పుడల్లా ఇంటికొచ్చిన వాళ్లు అనే మాట ఇది. నా మీది ప్రేమతోనే అంటారు. వాళ్ల భయంలో నిజం కూడా ఉంది. ఆ పుస్తకాలు ఊరికే చదివేసే పుస్తకాలు కావు. అయినా ఇన్నేళ్లుగా వాటిని చదువుతూనే ఉన్నాను, చదవమని ఇతరులకు ఇస్తూనే ఉన్నాను. ఎందుకో చెప్పాలని ఈ నాలుగు మాటలు.

పెద్ద దెబ్బ తిన్న మనిషికి జ్ఞాపకం చెప్పి రాదు. అన్నం కలుపుకుంటుంటే వస్తుంది, పెళ్లి పందిట్లో నలుగురితో నవ్వుతుంటే వస్తుంది, నడిరాత్రి నిద్రలో వచ్చి గొంతు పట్టుకుంటుంది. వచ్చినదాన్ని పొమ్మనే శక్తి మనకుండదు. అసలు ఆ గాయంలో సగం నొప్పి అదే, మన మనసు మీద మనకే అదుపు లేకపోవడం. పుస్తకం దగ్గర ఆ అదుపు మనది. మనం తెరిస్తేనే అది తెరుచుకుంటుంది. దడ పుట్టిన పేజీ దగ్గర మూసి, లేచి వెళ్లి నీళ్లు తాగి, కావాలంటే వారం తర్వాత మళ్లీ తీయవచ్చు. లోపల ఉన్న బాధే కాగితం మీదా ఉంది, కానీ ఈసారి పగ్గం మన చేతిలో ఉంది. మనిషి కుదుటపడడం అక్కడ మొదలవుతుందని నా నమ్మకం.

మంచిర్యాలలో ఉండేవాళ్లకు ఈ మాట తొందరగా అర్థమవుతుంది. మా చుట్టూ శ్రీరాంపూర్, మందమర్రి, రామకృష్ణాపూర్, బెల్లంపల్లి. గోదావరి దాటితే రామగుండం, గోదావరిఖని. ఇక్కడ బొగ్గు తవ్వుతున్న సింగరేణి కంపెనీ 1920లో ఏర్పడింది. అంటే ఒక్కో ఇంట్లో మూడు, నాలుగు తరాలు బొగ్గు బాయి (గని) పని చేసినవాళ్లున్నారు. 2003 జూన్ 16న గోదావరిఖనిలోని 7ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. 2021 నవంబర్ 10న మా శ్రీరాంపూర్‌లో ఎస్సార్పీ 3, 3ఎ గనిలో కప్పు కూలి నలుగురు పోయారు. ఆ మరుసటి మార్చిలో అడ్రియాల గనిలో మళ్లీ కప్పు కూలింది, ముగ్గురు పోయారు. ఇవి రాష్ట్రమంతా తెలిసినవి. ఒక్కరు పోయినప్పుడు, ఒకరికి కాలు పోయినప్పుడు జిల్లా పేజీలో నాలుగు లైన్లు వస్తే ఎక్కువ.

చనిపోయినవాళ్లకు లెక్క ఉంటుంది, నష్టపరిహారం ఉంటుంది, ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఉంటుంది. తండ్రి పోయిన బాయి పనికే కొడుకు పోయే ఇళ్లు మా దగ్గర ఎన్నో. ఆ కొడుకు మొదటి రోజు టోపీ లైటు పెట్టుకుని లోపలికి దిగుతుంటే అతని కాళ్లలో పుట్టే వణుకుకు మాత్రం లెక్క లేదు. పక్కవాడు పోయి తాను బతికి బయటపడినవాడి రాత్రులకు ఏ రిజిస్టరూ లేదు.

మా బాపు అట్లా బయటపడినవాడు. బొగ్గు నింపే కోల్ ఫిల్లర్. ఒక నైట్ షిఫ్టులో కప్పు కూలింది. బాపు ఇవతలికి వచ్చాడు, పక్కన తట్ట ఎత్తుతున్న ఆయన దోస్తు రాలేదు. బతికొచ్చాడని ఇంట్లో పండుగ చేశారు, పోచమ్మకు మొక్కు చెల్లించారు. కొన్నాళ్లకు మళ్లీ డ్యూటీకి పోయాడు. అంతటితో అయిపోయిందని అందరం అనుకున్నాం. కానీ ఆ తర్వాత బాపు తలుపు మూసి పడుకోలేదు. ఎముకలు కొరికే చలిలోనూ గడప దగ్గరే మంచం. సినిమాకు తీసుకుపోతే తలుపు పక్క సీటే కావాలి. వంటింట్లో స్టీలు పళ్లెం జారి పడితే ఉలిక్కిపడి లేచేవాడు, ఆ వెంటనే ఎవరి మీదనో ఒకరి మీద అరిచేవాడు. ఆ దోస్తు పేరు మాత్రం ఎన్నడూ ఎత్తలేదు. వాడకట్టులో పెద్దవాళ్లు "జడుసుకున్నడు" అని తాయెత్తు కట్టించారు. తోటివాళ్లు కల్లు దుకాణానికి పిలిచారు. ఎవరికి తెలిసిన ఆదరణ వాళ్లు చూపించారు. ఏం జరుగుతున్నదో అడిగే భాష మా ఎవరి దగ్గరా లేదు, చెప్పే భాష ఆయన దగ్గరా లేదు.

బాపు పోయిన చాలా ఏళ్లకు జూడిత్ హెర్మన్ అనే అమెరికా మానసిక వైద్యురాలు 1992లో రాసిన 'ట్రామా అండ్ రికవరీ' నా చేతికి వచ్చింది. నిఘంటువు పక్కన పెట్టుకుని నెమ్మదిగా చదివాను. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయి, ఇంట్లో భర్త చేతిలో దెబ్బలు తిన్న ఆడమనిషి, అత్యాచారానికి గురైన అమ్మాయి, చెరలో హింసపడ్డ రాజకీయ ఖైదీ, ఈ నలుగురికీ తగిలిన గాయం లోపల ఒకే తీరుగా ఉంటుందని ఆమె అంటారు. ఎప్పుడేం మీద పడుతుందోనని ఒళ్లు కాపలా కాస్తూనే ఉంటుంది. జరిగిపోయినది ఇప్పుడే జరుగుతున్నట్టు మళ్లీ మళ్లీ చొరబడుతుంది. అది తట్టుకోలేక మనసు మొద్దుబారి, మాట పడిపోతుంది. ఆ పేజీల్లో బొగ్గు బాయి లేదు, శ్రీరాంపూర్ లేదు. కానీ గడప దగ్గరి మంచం ఉంది, పళ్లెం చప్పుడు ఉంది, ఎత్తని ఆ పేరు ఉంది. సముద్రాలకు అవతల, మా భాష రాని, మా మొహం చూడని మనిషి మా ఇంటి లోపల జరిగింది రాసి పెట్టింది.

అప్పుడు నాకు కలిగింది దుఃఖమే, అయితే దాని అడుగున గొప్ప ఊరట ఉంది. బాపు కోపం ఆయన గుణం అనుకున్నది గుణం కాదని తేలింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఏ మనిషి ఒళ్లయినా చేసే పనే ఆయన ఒళ్లూ చేసింది, కాకపోతే ప్రమాదం దాటిపోయిందన్న సంగతి దానికి ఎవరూ చెప్పలేదు. దెబ్బ తిన్నవాళ్లందరూ లోలోపల మోసే ప్రశ్న ఒకటుంది: 'అందరూ బాగానే ఉన్నారు, నేనొక్కదాన్నే ఎందుకిట్లా ఉన్నాను?' చదువు ముందుగా ఆ ప్రశ్నలోని 'ఒక్కదాన్నే' అన్న ముక్కను తీసేస్తుంది. తీసేయగానే బరువు సగమవుతుంది.

మా అవ్వకు (అమ్మకు) చదువు రాదు. ఆ పుస్తకంలోని సంగతులు మా మాటల్లోకి మార్చి ఆమెకు చెప్పేదాన్ని. బియ్యం ఏరుకుంటూ వినేది. మధ్యలో చెయ్యి ఆపి ఒకనాడు అన్నది: "మీ బాపు ముచ్చట జెప్తున్నవనుకున్న బిడ్డా. ఇది నా ముచ్చట గూడ." వేళ కాని వేళ సైరన్ మోగిన రోజుల గురించి అప్పుడు చెప్పింది. పొయ్యి మీద కూర వదిలేసి, కాళ్లకు చెప్పుల్లేకుండా బాయి గేటు దాకా ఉరికిన ఆడవాళ్ల గురించి, గేటు దగ్గర లోపలి నుంచి పైకి వచ్చే ఒక్కో మొహాన్నీ చూస్తూ నిలబడడం గురించి. తన మనిషి పైకి వస్తే కలిగే సంతోషాన్ని పక్కావిడ ముందు దాచుకోవాల్సి రావడం గురించి కూడా. ఆ మాటలు ఆమె అంతకు ముందు ఎవరికీ చెప్పలేదు. బాయిలోకి ఒక్కనాడూ దిగని ఆమె కూడా అదే కప్పు కింద బతికింది. నడిరాత్రి ఫోను మోగితే నా చేతులు ఎందుకు చల్లబడతాయో ఆనాడే నాకూ తెలిసింది.

ఈ విషయాలు వైద్యశాస్త్రం ఒప్పుకోవడానికే చాలా కాలం పట్టింది. వియత్నాం యుద్ధం నుంచి వచ్చిన సైనికులు గట్టిగా అడిగిన తర్వాత, 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన వ్యాధుల పట్టికలో ఇప్పుడు మనం పీటీఎస్‌డీ అంటున్న దానికి చోటిచ్చింది. అంతకు ముందు అది పిరికితనం, నటన, బలహీనత. చదవడం, రాయడం మనిషి మీద ఎట్లా పనిచేస్తాయో చూసినవాళ్లూ ఉన్నారు. జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు విద్యార్థుల చేత రోజుకు 15 నిమిషాలు, వరుసగా 4 రోజులు తమ జీవితంలోని పెద్ద కష్టం గురించి రాయించాడు. జరిగినదాన్నీ, దాని వల్ల మనసుకు కలిగినదాన్నీ కలిపి రాసినవాళ్లు రాసిన రోజున ఇంకా దిగులుపడ్డారు. తర్వాతి నెలల్లో మాత్రం ఆరోగ్య కేంద్రానికి వెళ్లాల్సిన అవసరం వాళ్లకు తక్కువగా పడింది. ముక్కలుగా ఉన్న జ్ఞాపకానికి వరుస ఏర్పడితే అది మనసును అంతగా కోయదు. ఇంగ్లండులో 2013 నుంచి వైద్యులు మనసు బాగోలేని వాళ్లకు పుస్తకాలు కూడా సూచిస్తున్నారు, వాటిని ఊరి గ్రంథాలయాల్లో అందుబాటులో ఉంచుతున్నారు.

అయితే ఇతరుల కథతో తన బాధ తీర్చుకోవడం మనకు ఎవరో నేర్పాల్సిన విద్య కాదు. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో పుట్టినవాళ్లకు ఒగ్గుకథ తెలుసు. హన్మాజీపేట మిద్దె రాములు వంటి కళాకారులు ఆ కథను రాత్రంతా నిలబెట్టినవాళ్లు. డోలు మోగుతుంటే రేణుక ఎల్లమ్మ కథ సాగుతుంది. మొగుడి అనుమానం, తండ్రి మాట మీద కన్నకొడుకే తల్లి తల నరకడం, ఆ తల్లి మళ్లీ లేచి నిలబడడం. ఆ ఘట్టం దగ్గర ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్వడం నేను చిన్నప్పుడు చూశాను. వాళ్లు ఎల్లమ్మ కోసం ఏడుస్తున్నారని అప్పుడు అనుకున్నాను. నిజానికి ఎల్లమ్మ పేరు మీద ఎవరి కన్నీళ్లు వాళ్లు కారుస్తున్నారు. ఇంట్లో అదే ఏడుపు ఏడిస్తే 'ఏమైంది' అని అడుగుతారు, చెప్పాల్సి వస్తుంది. కథ దగ్గర ఎవరూ అడగరు. తెల్లవారి డోలు ఆగుతుంది, కథ ముగుస్తుంది, లేచి పనుల్లో పడతారు. మళ్లీ ముగ్గుల పట్నం వేసి కథ చెప్పించేదాకా ఆ దుఃఖం అక్కడే ఉంటుంది. తెరవడానికీ మూయడానికీ వీలైన చోటు. మా అవ్వ నా పుస్తకాన్ని అంత సులువుగా అందుకోవడానికి కారణం అదే. వినడం ఆమెకు ముందే వచ్చు.

ఒగ్గుకథ అచ్చమైన ఊరటనిస్తుంది, కానీ బాధకు కారణం విధి అనే చెప్తుంది. అక్షరం ఇంకో అడుగు వేయించగలదు. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లను కూర్చోబెట్టి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసిన పుస్తకం. అడవుల్లో పడిన కష్టాలు అందులో ఉన్నాయి. అంతకన్నా కలచివేసేది పోరాటం ముగిశాక వాళ్లకు ఎదురైనది. పోరాటం నడిపినవాళ్లే ఇక ఇళ్లకు వెళ్లండి అన్నారు. ఏ ఇంటికి, ఏ మొహంతో వెళ్లాలో ఎవరూ చెప్పలేదు. మూడు దశాబ్దాలకు పైగా లోపల దాచుకున్నది ఎవరో వచ్చి శ్రద్ధగా అడిగితే బయటికి వచ్చింది. ఆ పుస్తకం చదివిన ఆడవాళ్లు ఎందరో తమ తల్లులను, నాయనమ్మలను కొత్తగా ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. ఒకరు నోరు విప్పితే ఇంకొకరికి ధైర్యం వస్తుంది.

పాత కరీంనగర్ జిల్లా వంగపల్లిలో మూలాలున్న వై.బి. సత్యనారాయణ తన కుటుంబ చరిత్ర ఇంగ్లీషులో రాస్తే పి. సత్యవతి 'మా నాయన బాలయ్య'గా తెలుగులోకి తెచ్చారు. భార్య కలరాతో చనిపోతే సాయానికి ఎవరూ రాక, శవాన్ని తానే భుజాన మోసుకుపోయి పూడ్చిపెట్టిన మాదిగ నర్సయ్య, చిన్న కొడుకును వెంటబెట్టుకుని ఊరు వదిలిపోతాడు. రైల్వేలో పనికి కుదురుతాడు. ఆ ఇంట్లోంచే తర్వాత ప్రొఫెసర్లు వచ్చారు. ఆ పుస్తకం నేను ఇచ్చినవాళ్లలో ఒకాయన తిరిగిస్తూ ఏమీ అనలేదు. కొన్నాళ్ల తర్వాత వచ్చి, తన తాత గురించి మాట్లాడుతూ చీకటిపడేదాకా కూర్చున్నాడు. గంభీరావుపేట వైపు నుంచి వచ్చిన పెద్దింటి అశోక్ కుమార్ గల్ఫ్ వలసల మీద 'ఎడారి మంటలు' రాశారు. మా జిల్లాల్లో ఆ నవల చదివితే తమ ఇల్లు గుర్తుకు రాని వాడకట్టు తక్కువ.

వీటన్నింటిలో నాకు కనిపించిన మేలు ఒకటి. 'నాకేమైంది?' అనే ప్రశ్నతో చదవడం మొదలుపెట్టినవాళ్లు మెల్లగా 'మనకేం చేశారు?' అనే ప్రశ్న దాకా వస్తారు. బాపు లాంటివాళ్ల నిద్రలేమికి మందు కావాలి, నిజమే. ఆ కప్పుకు సరైన ఆసరా ఎందుకు లేదని అడగడం కూడా ఆ వైద్యంలో భాగమే. బాయి కార్మికుల కథలు రాసిన అల్లం రాజయ్య వంటివాళ్లు చేసిన పని ఇదే, కార్మికుడి బాధను అతని ఒంట్లోంచి తీసి అతను బతికే లోకంలో పెట్టి చూపించారు. హెర్మన్ కూడా అదే అంటారు, ప్రజా ఉద్యమాల అండ లేని కాలాల్లో ఈ గాయాల గురించిన జ్ఞానం కూడా మరుగున పడిపోయిందని. దీనికి రుజువు కోసం దూరం పోనక్కరలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఎందరు చనిపోయారన్న దానిలో ప్రభుత్వ లెక్కకూ ప్రజల లెక్కకూ ఈనాటికీ పొంతన లేదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఏప్రిల్ 20 వస్తే ఆ స్తూపం దగ్గర జనం గుమిగూడకుండా ఆంక్షలు. చనిపోయినవాళ్లను తలుచుకోనివ్వకపోవడం రెండో దెబ్బ. అట్లాంటి చోట ఆ సంగతిని రాసిన ప్రతి కాగితం, చదివిన ప్రతి మనిషి ఆ తలుచుకోవడాన్ని బతికిస్తారు.

ఇంత చెప్పిన తర్వాత ఒక జాగ్రత్త చెప్పకపోతే నా మాట పూర్తి కాదు. బాయిలో పని మొదలుపెట్టే ముందు సర్దారు కర్రతో కప్పును తట్టి చూస్తాడు. గట్టి చప్పుడు వస్తే మనుషులు ముందుకు పోవచ్చు. డొల్ల చప్పుడు వస్తే ఆగాలి, ఆసరా పెట్టాలి, ఆ తర్వాతే అడుగు. ఈ పుస్తకాలను కూడా అట్లాగే చదవాలి. రెండు పేజీలు చదివి మన ఒంటిని గమనించుకోవాలి. కళ్లు తడిస్తే భయం లేదు. ఊపిరి ఆడకపోయినా, నిద్ర పూర్తిగా పోయినా, పాత దృశ్యం కళ్ల ముందు నుంచి కదలకపోయినా పుస్తకం మూయాలి, మనిషి సాయం తీసుకోవాలి. చచ్చిపోవాలన్న ఆలోచన తొంగిచూస్తే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీమానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది. 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది. ఆస్పత్రిలో మానసిక వైద్యుడిని కలవడం పిచ్చికి గుర్తు కాదు, విరిగిన చేతికి కట్టు కట్టించుకున్నంత మామూలు పని కావాలి. పుస్తకం దారి చూపుతుంది, నడిపించే చెయ్యి మనిషిదే. గాయాన్ని మాన్పడంలో హెర్మన్ మూడు దశలు చెప్పారు. మొదట భద్రత, తర్వాత గుర్తు చేసుకుని దుఃఖించడం, చివరికి మళ్లీ నలుగురిలో కలవడం. చదువు మొదటి రెంటికీ బాగా అక్కరకొస్తుంది. మూడోది ఒక్కరే గదిలో కూర్చుని పూర్తి చేసేది కాదు.

ఇంకొకటి. చదివిన నాలుగు లక్షణాలు పట్టుకుని ఇంట్లో వాళ్లందరికీ రోగాల పేర్లు పెట్టకూడదు. అర్థం చేసుకోవడానికి చదవాలి, తీర్పులు చెప్పడానికి కాదు. పుస్తకంలో తెలిసింది ఎదుటి మనిషి మీద విసిరే రాయి అయితే అది చదవకపోవడమే మంచిది. వాళ్ల పక్కన కాసేపు ఊరికే కూర్చునే ఓపిక వస్తే మాత్రం చదువు ఫలించినట్టు.

అందుకే నేను కోరేది చాలా చిన్నది, చేయగలిగినది. మా మంచిర్యాల గ్రంథాలయంలో పోటీ పరీక్షల పుస్తకాల బీరువాల పక్కన ఒక్క అర ఈ పుస్తకాలకు ఇవ్వాలి. కార్మిక సంఘాల ఆఫీసుల్లో, క్వార్టర్ల మధ్య ఉన్న క్లబ్బుల్లో, ఆస్పత్రుల్లో జనం ఎదురుచూసే బెంచీల దగ్గర కూడా. అచ్చు చదవలేని వాళ్లకు చదివి వినిపించే మనుషులు కావాలి. మా మహిళా సంఘాల సమావేశాల్లో అప్పుల లెక్కలు అయిపోయాక ఒక కథ గట్టిగా చదివితే ఎంత మాట బయటికి వస్తుందో నేను చూశాను. బాయిలోంచి బతికొచ్చినవాళ్లు, గల్ఫ్ నుంచి ఖాళీ చేతులతో వచ్చినవాళ్లు, పురుగుమందుకు మనిషిని పోగొట్టుకున్న రైతు ఇళ్ల ఆడవాళ్లు తమ మాటలు తామే రాయాలి. రాయడం రాకపోతే వాళ్ల పిల్లలు కూర్చుని రాసి పెట్టాలి. హెర్మన్ పేజీల్లో నాకు బాపు దొరికినట్టే, వాళ్లు రాసిన దాంట్లో ఏదో ఊళ్లో ఎవరికో తమవాళ్లు దొరుకుతారు.

బాధ గురించి చదివితే బాధ పెరుగుతుందని అడ్డుపడేవాళ్లకు నా జవాబు ఇది: ఆ బాధ మన ఇళ్లలో ముందునుంచే ఉంది, చదవనప్పుడు కూడా ఉంది. అప్పుడు అది కోపంగా, తాగుడుగా, మౌనంగా తిరిగింది, పిల్లల ఒంట్లోకి వణుకై దిగింది. చదివినప్పుడు అది మాట అయింది. మాట అయినదాన్ని ఇంకొకరితో పంచుకోవచ్చు, వైద్యుడికి చెప్పుకోవచ్చు, బాధ్యులను నిలదీయవచ్చు. ఒక ఇంట్లో ఒక్కరు చదివినా చాలు, ఆ ఇంటి రాబోయే తరం అదే వణుకుతో పుట్టాల్సిన పని లేదు.